చివరి గాడిలో సుత్తి దెబ్బ

నేను ఒక గోలను. పేరుకు గ్రామఫోను రికార్డునే. అన్నం పళ్లెమంత వెడల్పు, నల్లటి ఒళ్లు, నడుమ చిల్లు, చిల్లు చుట్టూ పసుపు కాగితం, ఆ కాగితం మీద ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసిన గుర్తు. ఆ గుర్తు సంగతి తర్వాత చెబుతాను. ముందు ఒక్కటి మనవి చేసుకోవాలి. నన్ను మొదటిసారి విన్నవాళ్లలో చాలామంది పెట్టె పాడైందనుకున్నారు. కొందరు లేచి తీగలు సరిచూశారు. ఒకాయన తన చెవినే అనుమానించి డాక్టరు దగ్గరికి బయలుదేరాడు. నేను నొచ్చుకోలేదు. గోల చేయడానికే పుట్టినదాన్ని గోల చేస్తోందని తిడితే, అది పొగడ్తే అవుతుంది కదా.

నా పుట్టుకలో భక్తి కూడా ఉంది, నమ్మండి. అమ్ముడుపోని రికార్డులను కంపెనీవాళ్లు పారేయరు. నడుమ కాగితం ఉన్నమేర కోసేసి, మిగతాది పొడి చేసి, ఆవిరి మీద కరిగించి మళ్లీ కొత్త రికార్డులు ఒత్తుతారు. అలా స్తోత్రాలు, ఉపన్యాసాలు, ఎవరూ కొనని హాస్యనాటికలు కలిసి కరిగి నేనయ్యాను. ఏ సుప్రభాతం నాలో ఏ కేకగా మారిందో నాకు తెలియదు. మీరు మనుషులు మాత్రం పూర్వజన్మల గురించి తెగ మాట్లాడుకుంటారు. నాకైతే అవి నిజంగానే ఉన్నాయి, కానీ ఒక్కటీ గుర్తులేదు.

నాలో ఉన్న గోల సికింద్రాబాదుది. మౌలాలి వైపు బాయిలర్లు చేసే ఒక కార్ఖానా ఉండేది. అందులో దేవసహాయం అనే పనివాడు ఉండేవాడు. వెల్డింగు రాకముందు బాయిలరు రేకులను రివిట్లనే ఇనుప మేకులు కొట్టి అతికించేవారు. ఒకడు బయట నిలబడి సుత్తితో కొడతాడు. ఇంకొకడు బాయిలరు లోపల ముడుచుకుని కూర్చుని, రివిటు కదలకుండా ఇనుప దిమ్మె అదిమిపెట్టి పట్టుకుంటాడు. దేవసహాయం లోపల కూర్చునేవాడు. గంటలో తల దూర్చి, పైనుంచి ఎవరో ఆ గంటను మోగిస్తుంటే ఎలా ఉంటుందో అలా ఉండేది ఆయన ఉద్యోగం. పెళ్లినాటికి ఆయనకు ఎదుటివాళ్లు అరిస్తేగానీ వినపడేది కాదు. కొడుకు ఎలీషా పెద్దవాడయ్యేసరికి అరిచినా వినపడేది కాదు.

ఎలీషా చర్చిలో పాడేవాడు. గొంతు బాగుంటుందని కార్ఖానా క్వార్టర్లలో పేరు. దేవసహాయం ప్రతి ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చుని, కొడుకు పెదాల వంకే చూస్తూ ఉండేవాడు. అందరూ తల ఊపితే తనూ ఊపేవాడు. ఇంటికి వచ్చే దారిలో, చెవిటివాళ్ల పద్ధతిలో గట్టిగా, వీధంతా వినపడేలా అడిగేవాడు.

"ఇయ్యాల ఏం పాట పాడినవ్‌రా?"

ఎలీషా చేతులు తిప్పి, పెదాలు సాగదీసి ఆ పాటేదో చెప్పేవాడు. ఆయన "ఓహో, అదా! మంచిగ పాడినవ్" అనేవాడు. వినకుండానే మెచ్చుకుంటున్నాడని కొడుక్కి తెలుసు. కొడుక్కి తెలుసని ఆయనకూ తెలుసు. అయినా వారం వారం అదే ప్రశ్న, అదే జవాబు. ఎలీషాకు దాని కంటే పెద్ద బాధ ఏదీ ఉండేది కాదు.

ఇలా ఉండగా, పక్క క్వార్టరు ఆంగ్లో ఇండియన్ల ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిన ఎవరో లండను నుంచి ఒక క్యాసెట్టు తెచ్చారు. పంక్ రాక్ అట. మూడే మూడు స్వరాలు, వెంటబడి తరుముతున్నట్టు డ్రమ్ములు, పాడటం రాని గొంతులు. ఎలీషా ఆ క్యాసెట్టు అడిగి తెచ్చి, స్నేహితుడు యాదగిరి రేడియో రిపేరు షాపులోని పెద్ద స్పీకరు పెట్టెను మోసుకొచ్చి, గోడకు ఆనించి పెట్టాడు. గోడకు అవతల మంచం మీద వీపు ఆనించి ఒరిగి ఉన్న దేవసహాయం ఒక్క ఉదుటున లేచి వచ్చాడు.

"ఏందిరా అది? ఎవలు పాడుతున్నరు? భలేగున్నది!"

నవ్వుతున్నాడు. ఏళ్ల తర్వాత ఆయన ఒక పాట విన్నాడు. చెవులతో కాదు, వీపుతో. ఎలీషా ఆ సాయంత్రమే చర్చి పాటల బృందం మానేశాడు. దారితప్పాడని పాస్టరయ్యగారు ప్రార్థన పెట్టించారు. దారి దొరికిందని ఆ కుర్రవాడు ఎవరికీ చెప్పుకోలేదు.

బృందం పేరు 'రేకుల షెడ్డు'. ఎలీషా గిటారు, కేకలు. యాదగిరి డ్రమ్ములు, అందులో సగం నూనె పీపాలు. సలీం అనే స్నేహితుడు బేస్ గిటారు. సాధన చేసేది కార్ఖానా వెనక వాడుకలో లేని ఒక రేకుల షెడ్డులో. పాటలన్నీ కార్ఖానా గురించే. ఎంత గట్టిగా వాయిస్తే అంత మంచి పాట అన్నది వాళ్ల లెక్క. శ్రుతి కుదిరితే యాదగిరి అనుమానంగా చూసేవాడట.

నా మీది ఆఖరి పాట పేరు 'లోపల కూసున్నోడు'. అందులో ఎలీషా "బయటోడు కొట్టుడు, లోపలోడు పట్టుడు" అని గొంతు చించుకుంటూ ఉంటాడు. రికార్డు కోసం పాటలను టేపులోకి ఎక్కించే రోజు దేవసహాయం కూడా షెడ్డుకు వచ్చాడు. పాట దేని గురించో కొడుకు సైగలతో చెప్పాక, "నాకు గూడ ఓ సుత్తి ఇయ్యిర్రి" అన్నాడు. బడిగంటకు కట్టినట్టు దూలానికి ఒక రైలు పట్టా ముక్కను వేలాడదీశారు. జీవితమంతా ఇంకొకడి దెబ్బలను పట్టుకుని కూర్చున్నవాడి చేతికి మొదటిసారి సుత్తి వచ్చింది. యాదగిరి చెయ్యి లేచినప్పుడల్లా చూసి కొట్టమని చెప్పారు. ఆయన బుద్ధిగా తల ఊపాడు. పాట మొదలైంది. ఆ ఊపు అరికాళ్లలోంచి ఎక్కేసరికి ఆనందం పట్టలేక కళ్లు మూసేసుకున్నాడు. ఇక యాదగిరి చెయ్యి ఎక్కడ, ఈయన సుత్తి ఎక్కడ! ఒక్క దెబ్బా తాళంలో పడలేదు. పాట అయిపోయింది. ముగ్గురూ ఆగిపోయారు. ఆయనకు తెలియదు కదా, కళ్లు మూసుకుని కొడుతూనే ఉన్నాడు. నిశ్శబ్దంలో ఒంటరిగా సుత్తి మోగుతోంది. చివరికి ఎలీషా వెళ్లి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన కళ్లు తెరిచి, "అయిపోయిందా?" అన్నాడు.

ఆ మాట టేపులోకి ఎక్కలేదు. సుత్తి ఎక్కింది.

ఆ టేపు రికార్డుల కంపెనీకి వెళ్లింది. కంపెనీ పేరు చెప్పను, పెద్దవాళ్లు. టేపులోని శబ్దాన్ని గాడిగా చెక్కే పనివాడు అంతకుముందు వీణలూ గాత్రాలూ తప్ప చెక్కినవాడు కాదు. ముఖం చిట్లించుకుని పని చేశాడు. ఆఖరి పాటలో వాద్యాలు ఆగగానే, హమ్మయ్య వదిలిందనుకుని చెక్కే ములికిని చివరి గాడిలోకి తోసేశాడు. ప్రతి రికార్డుకూ చివర ఒక గాడి ఉంటుంది. పాట అయ్యాక ముల్లు అందులోకి చేరి, ఎవరైనా ఎత్తేదాకా అక్కడే గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. అందులో ఏ చప్పుడూ ఉండకూడదు. కానీ టేపులో దేవసహాయం ఇంకా కొడుతున్నాడు. కొన్ని దెబ్బలు ఆ గాడికి పోయే దారిలో పడ్డాయి. ఆఖరి దెబ్బ, సరిగ్గా భుజం మీద చెయ్యి పడే ముందు దెబ్బ, ఆ చివరి గాడిలో పడింది. అక్కడ పడ్డది బయటికి రాదు. ముల్లు ఒక్కో చుట్టు తిరిగినప్పుడల్లా మోగుతుంది, మళ్లీ మోగుతుంది.

ఒత్తిన సరుకు బాగుందో లేదో వినిచూసే ఆయన నన్ను విని హడలిపోయాడు. పాట ఎక్కడుందో వెతికి దొరక్క, ఎర్ర సిరాతో కొట్టేశాడు. టేపు చెడిపోయిందనీ, పైగా చివర ఏదో దెబ్బ ఎడతెగకుండా మోగుతోందనీ, పనికిరాని సరుకుగా లెక్కగట్టామనీ కబురు పంపారు. నా తోడబుట్టినవన్నీ మళ్లీ ఆవిరి పాలయ్యాయి. ఈపాటికి ఏ భజన పాటలుగానో పుట్టి గౌరవంగా బతికి ఉంటాయి. మచ్చుకు పంపిన మూడింటితో 'రేకుల షెడ్డు' సరిపెట్టుకుంది.

మూడింటిలో ఒకదాన్ని యాదగిరి చెల్లెలు వేడినీళ్లలో ముంచి, అంచులు వంచి, పూలు పెట్టుకునే గిన్నె చేసింది. ఆ రోజుల్లో అదో ముచ్చట. ఇంకొకదాన్ని సలీం సైకిలు క్యారియరుకు కట్టుకుని ఎండాకాలమంతా స్నేహితులకు చూపిస్తూ తిరిగాడు. అది అప్పడంలా వంకరలు పోయింది. మిగిలింది నేను.

ఎలీషా ఇంట్లో పెట్టె చిన్నది. నన్ను పెట్టి తండ్రి అరచేతిని దాని మీద ఆనించేవాడు. దేవసహాయం ఒళ్లంతా చెవులు చేసుకుని చూసేవాడు, కానీ అంత చిన్న పెట్టెకు అంత పెద్ద మనిషిని కదిలించే బలం లేదు. "దోమ గుయ్యిమన్నట్టున్నదిరా" అనేవాడు. అందుకని ఎలీషా ఆయన రిటైర్మెంటు కోసం కాచుకున్నాడు.

ఆ కార్ఖానాలో ఒక ఆనవాయితీ ఉండేది. రిటైరైన రోజు తోటి పనివాళ్లు గేటు దగ్గర దండవేసి, బ్యాండుమేళంతో ఇంటిదాకా నడిపించుకుని వచ్చేవారు. ఇంటి ముందు షామియానా, మైకు సెట్టు, అందరికీ భోజనాలు. మైకు సెట్టు ఉప్పలయ్యది. కరెంటు స్తంభానికి రెండు లౌడుస్పీకరు హారన్లు కట్టి భక్తి పాటలు వేస్తున్నాడు. ఎలీషా నన్ను తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టాడు.

"ఉప్పలన్నా, ఇది వెయ్యి. ఫుల్లు పెట్టు."

ఉప్పలయ్య వేశాడు. ఆ తర్వాతి సంగతి చెప్పుకోవడానికి నాకు కొంచెం గర్వంగానే ఉంటుంది. కుక్కలు ఏకమయ్యాయి. వడ్డిస్తున్న మనిషి చేతిలో గరిటె జారింది. పాస్టరయ్యగారు పులిహోర ముద్ద నోటి దాకా తెచ్చి అక్కడే ఆపేశారు. దేవసహాయం మాత్రం మెడలో దండతో తిన్నగా స్తంభం దగ్గరికి వెళ్లి, కింద ఉన్న హారనుకు రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. తన సుత్తి రాగానే పట్టేశాడు.

"నేనే! నేనే అది! బాగ కొట్టిన గదా!" అని అరిచాడు.

అందరూ నవ్వారు. ఎలీషా ఏడ్చాడు. పాట అయిపోయి చివరి గాడి వచ్చింది. పాటంతా తాళం తప్పినవాడు అక్కడ ఒక్కసారి కూడా తప్పలేదు. తప్పడానికి వీల్లేదు కదా. ఆయన ఆ దెబ్బకు తగ్గట్టు తల ఊపుతూ ఉండగా, ఉప్పలయ్య "ప్లేటు అరిగిపోయిందయ్యగారూ, ఏమనుకోకుర్రి" అని ముల్లు ఎత్తేశాడు. దేవసహాయం చేతులు ఇంకా కాసేపు హారను మీదే ఉన్నాయి.

ఆయన ఆ వానాకాలం దాటలేదు. దుఃఖంలో ఉన్న కొడుక్కి, ఉప్పలయ్య దగ్గరే ఉండిపోయిన నేను గుర్తురాలేదు. గుర్తొచ్చి అడిగేసరికి ఉప్పలయ్య తన పాటల పెట్టెంతా తలకిందులు చేశాడు, దొరకలేదు. పాపం, అబద్ధమాడలేదు. నన్ను పాట అని ఆయన ఏనాడూ అనుకోలేదు. బ్యాటరీల పక్కన, తీగల చుట్టలో పెట్టుకున్నాడు. కొత్త హారను కొన్నా, పాతది బాగుచేసినా ముందు నన్ను వేసి చూసేవాడు. "దీనికి పగలకపోతే ఇగ దేనికీ పగలది" అని గిరాకీలకు చెప్పేవాడు. పెళ్లి భోజనాలయ్యాక కదలని చుట్టాలను కదిలించడానికి కూడా ఒకటి రెండుసార్లు పనికొచ్చాను. సంగీతంలో నా స్థానం అది. ఆ మొరటు ముల్లు కిందే నా అంచు నుంచి లోపలికి సన్నటి పగులు ఒకటి వచ్చింది. ఎలీషా మాత్రం నేను ఎక్కడో కరిగిపోయాననే అనుకుని, తండ్రి పని చేసిన కార్ఖానాలోనే చేరి, గిటారును అటక మీద పెట్టేశాడు.

క్యాసెట్లు వచ్చి ఉప్పలయ్యను మింగాయి, క్యాసెట్లను ఇంకేవో మింగాయి. నేను తీగలతో పాటు మూటలో ఏళ్లు పడి ఉండి, చివరికి జుమ్మేరాత్ బజారు పాతసామాన్ల సంతలో దుప్పటి మీద తేలాను. అక్కడ నన్ను ఏరుకున్నవాడు వంశీధర్. పాత రికార్డులు పోగుచేసే కుర్రవాడు. నన్ను నూలు తొడుగులు వేసుకున్న చేతులతో పట్టుకున్నాడు. అన్నేళ్లు సున్నం, నూనె, పసుపు చేతులు చూసినదాన్ని, నాకు సిగ్గేసింది.

వంశీధర్ నన్ను విని ఊగిపోయాడు. నా నడుమ కాగితం మీది పేర్లతో సహా నా గురించి ఇంటర్నెట్టులో పొడుగాటి వ్యాసం రాశాడు. ఇది వ్యవస్థ మీద తిరుగుబాటు అనీ, ఒక తరం ఆగ్రహమనీ, సంగీతాన్ని ధ్వంసం చేసిన సంగీతమనీ అన్నాడు. అబద్ధమని అనను. కోపం నాలో ఉంది. కానీ అంత గోల ఎందుకయ్యా అంటే, ఒక చెవిటి తండ్రికి వినపడాలని. ఆ ముక్క ఆ వ్యాసంలో లేదు. తెలిసే వీలూ లేదు.

అంతటితో ఆగితే బాగుండేది. నా మీది దెబ్బలన్నీ తీసేసి నన్ను శుభ్రం చేయాలని పూనుకున్నాడు. కంప్యూటరులోకి ఎక్కించి, గీతల చిటపటలు తీశాడు. ఆఖరి పాటలో తాళానికి సంబంధం లేకుండా టంగు టంగుమనే చప్పుళ్లు కనిపించాయి. రికార్డుకు తగిలిన దెబ్బలనుకున్నాడు. యంత్రం తీయలేకపోయినవాటిని తానే ఒక్కొక్కటిగా ఏరి తీసేశాడు, పట్టుచీరలో ముళ్లు ఏరినంత ఓపికగా. తర్వాత నన్ను అట్టలో పెట్టి, పగులు పెరుగుతుందని మళ్లీ ముల్లు తాకించనని ఒట్టు పెట్టుకున్నాడు.

ఆ వ్యాసంలో ఎలీషా పేరు చూసింది ఆయన కూతురు కెజియా. మధ్యాహ్నం పూట తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. ఎలీషా ముసలివాడయ్యాడు. రెండు చెవుల్లోనూ మిషన్లు. కార్ఖానా తండ్రి దగ్గర తీసుకున్నదే కొడుకు దగ్గరా తీసుకుంది. కెజియా గుమ్మంలోనే వంశీధర్‌కు చెప్పేసింది.

"కొంచెమే వినపడుతుందండీ. అది గూడ పోతదని డాక్టర్ చెప్పిండు. పోకముందు ఒక్కసారి ఇది వినాలన్నడు. రోజూ అదే మాట."

వంశీధర్ సంబరపడిపోయాడు. తన ఖరీదైన హెడ్‌ఫోను తెచ్చి ఆయన తలకు పెట్టి, శుభ్రం చేసిన ఆఖరి పాట వేశాడు. ఎలీషా కళ్లు మూసుకుని విన్నాడు. మొదట నవ్వాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఏదో పారేసుకున్నవాడిలా తల అటూ ఇటూ తిప్పాడు. పాట పూర్తికాకముందే హెడ్‌ఫోను తీసేశాడు.

"మా నాయన ఏడి?" అన్నాడు.

వంశీధర్‌కు అర్థం కాలేదు. "మీ నాన్నగారు పాడారా అంకుల్?"

"పాడలే. కొట్టిండు. సుత్తితోని. పాట నిండ ఉంటడు. ఏడి?"

ఆ కుర్రవాడు హెడ్‌ఫోనును ఆయన చేతిలోంచి తీసుకున్నాడు. తర్వాత చాలా నెమ్మదిగా, "అవి గీతలు అనుకున్నాను అంకుల్. నేనే తీసేశాను" అన్నాడు.

శుభ్రం చేయకముందు ఎక్కించినది కూడా తన దగ్గర ఉందని గబగబా వెతికి వేశాడు. సుత్తి వచ్చింది. ఎలీషా తల ఊపాడు. కానీ పాట ఆగగానే అదీ ఆగిపోయింది. కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు పాట అయిపోయిందనుకుని వంశీధర్ అక్కడే ముల్లు ఎత్తేశాడు మరి.

"ఇంకా ఉన్నది బిడ్డా. ఆఖరుకు ఆయన ఒక్కడే కొడుతడు. అది గావాలె."

"అది రికార్డులోనే ఉంది అంకుల్. కానీ పగులు అక్కడిదాకా వచ్చింది. ప్రపంచంలో ఇదొక్కటే మిగిలింది. పగిలితే మళ్లీ రాదు."

కెజియా ఆ మాటలను తండ్రి చెవి దగ్గర మళ్లీ అరిచి చెప్పింది. ఎలీషా విని, కోపం లేకుండానే అన్నాడు.

"నా చెవులు గూడ గంతే గద బిడ్డా."

వంశీధర్ నన్ను అట్టలోంచి తీశాడు. ఈసారి తొడుగులు వేసుకోలేదు. ఎలీషా చెవుల మిషన్లు రెండూ తీసి కూతురి చేతిలో పెట్టాడు. స్పీకరు ముందు నేల మీద కూర్చుని, దానికి రెండు అరచేతులూ ఆనించాడు. వాళ్ల నాన్న హారనుకు ఆనించినట్టే.

ముల్లు దిగింది. పగులు దగ్గర ప్రతి చుట్టుకూ ఎగిరిపడుతోంది. నాకు భయం వేసింది, దాచుకోను. నేనెప్పుడూ నెమ్మదిగా మోగి ఎరగను, ఇప్పుడు మాత్రం మెల్లగా మోగే దారి ఉంటే బాగుండుననిపించింది. లేదు కాబట్టి మోగాల్సినట్టే మోగాను. "లోపలోడు పట్టుడు" అంటూ పాతికేళ్లు నిండని ఎలీషా అరుస్తున్నాడు. తాళం తప్పి, తాళం తప్పి, ఆనందంగా దేవసహాయం కొడుతున్నాడు. స్పీకరు ముందు కూర్చున్న ముసలి ఎలీషా పెదాలు కదులుతున్నాయి. ఒక్కో దెబ్బకూ "నాయన" అంటున్నాడు.

పాట ఆగింది. గిటారు లేదు, పీపాలు లేవు. సుత్తి ఒక్కటే. అప్పుడు ఎలీషా కుడిచెయ్యి స్పీకరు మీంచి లేచింది. లేచి గాలిలో, భుజమంత ఎత్తున, ఆగింది. ఆనాడు తండ్రిని ఆపిన చెయ్యి అది. కాసేపు అలాగే ఉండి, ఆ చెయ్యి మళ్లీ స్పీకరు మీదికే వచ్చి ఆనుకుంది.

ముల్లు చివరి గాడిలోకి జారింది. దెబ్బ. ఒక చుట్టు. మళ్లీ దెబ్బ. అలవాటు కొద్దీ వంశీధర్ ముల్లు ఎత్తబోయాడు. కెజియా అతని చెయ్యి పట్టుకుంది.

"ఉండనియ్యి" అన్నాడు ఎలీషా, వెనక్కి తిరక్కుండానే, వీధంతా వినపడేలా. "కొట్టనియ్యి. ఇంకా అయిపోలే."

రికార్డు అన్నాక ఎక్కడో ఒకచోట అయిపోవాలి. నేను పనికిరాని సరుకును కాబట్టి నాకు ఆ అవసరం లేదు. ఎవరూ ముల్లు ఎత్తలేదు.